చప్పుడు చేయని కంప్యూటర్: రెండరింగ్‌కీ గేమింగ్‌కీ భాగాలు ఎంచుకునే పద్ధతి

రాత్రి రెండర్ (త్రీడీ సీన్‌ను కంప్యూటర్ లెక్కగట్టి తుది బొమ్మగా మార్చే పని) పెట్టి అదే గదిలో పడుకోవాల్సిన వాళ్ల కోసం రాస్తున్న మార్గదర్శి ఇది. పగలు బ్లెండర్, త్రీడీఎస్ మ్యాక్స్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పని, సాయంత్రం ఓ గంటో రెండు గంటలో గేమ్, రాత్రంతా రెండర్. ఈ మూడూ ఒకే మెషిన్ చేయాలి. స్టూడియోలో అయితే రెండర్ మెషిన్లను వేరే గదిలో పెట్టి తలుపు వేస్తారు. ఇంట్లో ఫ్రీలాన్స్ చేసేవాళ్లకు ఆ వసతి ఉండదు.

షాపులో 'సైలెంట్' అని రాసి ఉన్న వస్తువులన్నీ ఏరి కలిపితే సైలెంట్ కంప్యూటర్ తయారు కాదు. చప్పుడు చేసేది ఫ్యాన్. ఫ్యాన్‌ను పరిగెత్తించేది వేడి. వేడి పుట్టేది మనం చిప్‌లోకి పంపే వాట్ల నుంచి. కాబట్టి కొనుగోలు వాట్ల దగ్గర మొదలవ్వాలి, ఫ్యాన్ల దగ్గర కాదు. ప్రతి చిప్‌లోనూ చివరి పది శాతం వేగం కోసం కంపెనీలు ముప్పై శాతం దాకా అదనపు కరెంట్ తగలేస్తుంటాయి. ఆ చివరి పది శాతాన్ని వదులుకోగలిగితే మీ చప్పుడు సమస్య సగం తీరినట్టే. మిగతా సగం ఎలా తీర్చాలో వరుసగా చూద్దాం.

1. ముందు కొన్ని లెక్కలు

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. ఒకే చప్పుడు చేసే రెండు ఫ్యాన్లు కలిస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి చప్పుడు రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. ఫ్యాన్ వేగం మాత్రం అలా కాదు. వేగాన్ని సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది. అంటే 1400 ఆర్‌పీఎంలో (నిమిషానికి 1400 చుట్లు) తిరిగే ఒక ఫ్యాన్ కంటే 700లో తిరిగే రెండు ఫ్యాన్లు దాదాపు అంతే గాలి ఇస్తూ ఎంతో నిశ్శబ్దంగా ఉంటాయి. తక్కువ ఫ్యాన్లుంటే తక్కువ చప్పుడు అనుకోవడం పొరపాటు.

రెండో లెక్క మన ఊళ్లది. యూట్యూబ్‌లోనూ వెబ్‌సైట్లలోనూ కనిపించే విదేశీ సమీక్షలు చాలావరకు 21-25 డిగ్రీల గదుల్లో చేసినవి. మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ లేని గది 35 దాటుతుంది, విజయవాడ, రామగుండం సంగతి చెప్పనే అక్కర్లేదు. గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. సమీక్షలో 72 డిగ్రీలు చూపిన గ్రాఫిక్స్ కార్డ్ మన దగ్గర 84 చూపిస్తే అది కార్డ్ తప్పు కాదు. ఆ పన్నెండు డిగ్రీలను వెనక్కి లాగడానికి ఫ్యాన్లు పరిగెడతాయి, చప్పుడు అక్కడే వస్తుంది. అందుకని అక్కడ 'సరిపోతుంది' అన్న కూలర్ కంటే ఇక్కడ ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

ఇంకో మాట. గదిలో సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో తిరుగుతుంటే కంప్యూటర్ చప్పుడు 35 డెసిబెల్స్ ఉందా, 30 ఉందా అన్నది మీకు తెలియదు. ఏసీ వేసుకుని సీలింగ్ ఫ్యాన్ ఆపి పడుకునే వాళ్లకూ, చలికాలం రాత్రులకూ, ఇంట్లో వాయిస్ రికార్డింగ్ చేసేవాళ్లకూ ఆ తేడా బాగా తెలుస్తుంది. మీరు ఏ కోవలోకి వస్తారో చూసుకున్నాకే సైలెన్స్ మీద ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించుకోండి.

2. మీ రెండర్ ఇంజిన్ దేని మీద నడుస్తుంది?

రెండర్ ఇంజిన్ అంటే సీన్‌ను బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకుండా భాగాల లిస్ట్ రాయకండి. ఆక్టేన్, రెడ్‌షిఫ్ట్ గ్రాఫిక్స్ కార్డ్ మీద నడిచే ఇంజిన్లు. కరోనా ప్రాసెసర్ మీద నడుస్తుంది. బ్లెండర్‌లోని సైకిల్స్, వీ-రే, ఆర్నాల్డ్ రెండింటి మీదా నడుస్తాయి. అన్‌రియల్ గేమ్ ఇంజిన్‌లో పనిచేసేవాళ్లకు బరువంతా గ్రాఫిక్స్ కార్డ్‌దే.

షాపువాళ్లు ఇచ్చే లిస్టుల్లో మామూలుగా రెండూ పెద్దవే ఉంటాయి: పదహారు కోర్ల ప్రాసెసర్, దాని పక్కన అందుబాటులో ఉన్న అతి పెద్ద కార్డ్. డబ్బు వృథా అన్నది ఒక సంగతి, ఒకే క్యాబినెట్‌లో రెండు వేడి గడ్డలు పెట్టుకోవడం మరో సంగతి. సైకిల్స్‌లో కార్డ్ మీద రెండర్ చేసేవాళ్లు ప్రాసెసర్‌ను కూడా కలిపితే, మంచి కార్డ్ ఉన్నప్పుడు కలిసొచ్చే సమయం చాలా తక్కువ. పెరిగే వేడి మాత్రం వంద వాట్ల పైమాటే. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద రెండర్ డివైసెస్ దగ్గర ప్రాసెసర్ టిక్ తీసేయండి. రూపాయి ఖర్చు లేకుండా రాత్రి చప్పుడు తగ్గించే పని ఇది.

ఫ్లూయిడ్ సిమ్యులేషన్లు, పెద్ద కంపైల్ పనులు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఎక్కువగా ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కోర్లు కావాలి. మిగతావాళ్లు ప్రాసెసర్, కార్డ్ రెండింటిలో ఒకటే పెద్దది కొనండి, రెండోది మధ్యరకం చాలు.

3. గ్రాఫిక్స్ కార్డ్: బడ్జెట్‌లోనూ చప్పుడులోనూ పెద్ద వాటా దీనిదే

రెండర్‌కి కార్డ్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది మెమరీ. సీన్ మొత్తం కార్డ్ మెమరీలో పట్టాలి. పట్టకపోతే కొన్ని ఇంజిన్లు మామూలు ర్యామ్‌లోకి పొర్లించి నత్తనడక నడుస్తాయి, కొన్ని రెండర్‌నే ఆపేస్తాయి. 8 జీబీ కార్డ్ గేమ్స్‌కే ఇరుకవుతున్న రోజులివి. రెండర్ పనికి 16 జీబీ కనీసం అనుకోండి.

ఈ తరంలో ఎన్‌వీడియా వైపు 16 జీబీతో మొదలయ్యేది ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 180 వాట్లు. దీనిదే 8 జీబీ రకం కూడా ఉంది, పేరు దాదాపు ఒకటే, బిల్లు వేయించుకునే ముందు పెట్టె మీద అంకె చదవండి. ఆ పైన 5070 టీఐ 16 జీబీ, 300 వాట్లు. 5080 కూడా 16 జీబీయే, 360 వాట్లు. 5090 అయితే 32 జీబీ, 575 వాట్లు. మధ్యలో ఉన్న 5070కి 250 వాట్లకు 12 జీబీయే ఇచ్చారు, గేమింగ్‌కి బాగుంటుంది కానీ రెండర్ వాళ్లకు నేను చెప్పను. ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ 16 జీబీతో 304 వాట్లకు వస్తుంది. గేమింగ్‌లో ఆ ధరకు గట్టి కార్డే. కానీ బ్లెండర్‌లో ఆప్టిక్స్ (ఎన్‌వీడియా సొంత రెండరింగ్ సాంకేతికత) వల్ల ఎన్‌వీడియా స్పష్టంగా ముందుంది, ఆక్టేన్ లాంటివి విండోస్‌లో ఎన్‌వీడియా లేకుండా నడవవు. రెండర్ మీద అన్నం తినేవాళ్లకు ఈ విషయంలో పెద్దగా ఎంపిక లేదు.

నిశ్శబ్దం, వేగం, ధర కలిపి చూస్తే 5070 టీఐ నా మొదటి ఎంపిక. 5090 తీసుకుని దాన్ని నిశ్శబ్దంగా ఉంచడం అసాధ్యం కాదు కానీ, దాని చుట్టూ మొత్తం మెషిన్‌ని, ఒక్కోసారి గది ఏసీని కూడా మార్చుకోవాలి.

ఇక అసలు సంగతి. ఒకే చిప్‌ను పది కంపెనీలు పది రకాల హీట్‌సింక్‌లతో (వేడిని లాగేసే లోహపు రెక్కల దిమ్మెలతో) అమ్ముతాయి. వేగంలో వాటి మధ్య తేడా రెండు మూడు శాతం దాటదు, చప్పుడులో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. చూడాల్సినవి ఇవి: మూడు ఫ్యాన్లు, కనీసం రెండున్నర స్లాట్ల (మదర్‌బోర్డ్ మీద కార్డులు గుచ్చే వరుసల) మందం, మంచి బరువు. ఆసుస్ టఫ్, ఎంఎస్ఐ గేమింగ్ ట్రయో లాంటి బరువైన రకాలు అదే చిప్‌తో వచ్చే రెండు ఫ్యాన్ల చిన్న కార్డుల కంటే నిశ్శబ్దంగా ఉండటానికి కారణం మ్యాజిక్ కాదు, లోహం ఎక్కువ ఉండటం. కొన్నింటికి పైన చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని 'క్వైట్' వైపు తోయండి. టెక్‌పవర్‌అప్ లాంటి సైట్లు ప్రతి మోడల్‌కూ లోడ్‌లో చప్పుడు ఎంతో విడిగా కొలిచి రాస్తాయి. కొనబోయే మోడల్ పేరుతో వెతికి ఆ పేజీ ఒక్కటి చూస్తే చాలు, ర్యాంకుల వీడియోలు పది చూడనక్కర్లేదు.

ఇప్పటి కార్డులు దాదాపు అన్నీ పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆపేస్తాయి. బ్రౌజింగ్‌లో, మోడలింగ్‌లో కార్డ్ చప్పుడు సున్నా. ఇది ఉన్నట్టు రూఢి చేసుకోండి, చవక మోడల్స్‌లో కొన్నింటికి ఉండదు.

కాయిల్ వైన్ గురించి కూడా చెప్పుకోవాలి. లోడ్‌లో కార్డ్ మీదున్న కాయిల్స్ సన్నగా కీచుమంటాయి. ఒకే మోడల్‌లో ఒక పీస్‌కి ఉండి, ఇంకో పీస్‌కి లేకపోవచ్చు. దీన్ని ముందుగా చెప్పే వీలు ఏ సమీక్షకూ లేదు. చాలా కంపెనీలు దీన్ని లోపంగా ఒప్పుకోవు, వారంటీలో మార్చవు. కాబట్టి రిటర్న్ గడువు ఉన్న చోట కొని, ఆ గడువులోపే గేమ్, రెండర్ రెండూ నడిపి చెవి పెట్టి వినండి.

4. ప్రాసెసర్

కార్డ్ మీద రెండర్ చేసేవాళ్లకు రైజెన్ 7 9800ఎక్స్‌3డీ సరిగ్గా అతుకుతుంది. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ), గేమింగ్‌లో దీన్ని మించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గేమ్స్‌లో ఇది తన 120 వాట్ల రేటింగ్ దాకా కూడా సాధారణంగా వెళ్లదు. బడ్జెట్ తక్కువైతే 65 వాట్ల రైజెన్ 7 9700ఎక్స్ తీసుకుని మిగిలింది కార్డ్ మీద పెట్టండి.

ప్రాసెసర్ మీద రెండర్ చేసే కరోనా, వీ-రే వాడేవాళ్లకు పదహారు కోర్ల రైజెన్ 9 9950ఎక్స్. రేటింగ్ 170 వాట్లు, నిజంగా లాగేది 200 దాకా. ఇక్కడే 'ఎకో మోడ్' అక్కరకొస్తుంది. బయాస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల మెనూలో) 105 వాట్ల ఎకో మోడ్ పెడితే, పేరులో 105 ఉన్నా ప్రాసెసర్ నిజంగా లాగేది 142 వాట్ల దగ్గర ఆగిపోతుంది, రెండర్ సమయం పెరిగేది కొద్ది శాతమే. గంట పట్టే ఫ్రేమ్‌కు ఇంకో మూడు నాలుగు నిమిషాలు పడితే పట్టనీ, మీరు నిద్రలో ఉంటారు. గేమింగ్ కూడా గట్టిగా కావాలంటే 9950ఎక్స్‌3డీ ఉంది. అందులో సగం కోర్లకే అదనపు క్యాష్ ఉంటుంది కాబట్టి ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్, విండోస్ గేమ్ బార్ రెండూ అప్‌డేట్‌లో ఉండాలి, లేకపోతే గేమ్ తప్పుడు కోర్ల మీద నడుస్తుంది.

ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కే రెండర్‌లో తీసిపోదు, కానీ గరిష్ఠంగా 250 వాట్లు లాగుతుంది, గేమింగ్‌లో ఎక్స్‌3డీలకు అందదు. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9లు చవకగా దొరుకుతుంటాయి. వాటిలో వోల్టేజ్ వల్ల చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య 2024లో బయటపడింది, ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది. బయాస్ అప్‌డేట్ చేయకుండా వాడిన పీస్ మాత్రం కొనొద్దు.

రైజెన్ చిప్‌లు రెండర్‌లో 90 డిగ్రీలకు దగ్గర పడితే టెన్షన్ పడకండి. 9950ఎక్స్‌కు 95 డిగ్రీల వరకూ కంపెనీయే అనుమతించింది. వాటిని 70లో ఉంచాలని పంతం పట్టి ఫ్యాన్లు గిర్రున తిప్పేవాళ్లే చప్పుడు ఎక్కువని బాధపడుతుంటారు.

5. కూలర్: గాలా, నీళ్లా?

నిశ్శబ్దం కోసం అడిగితే నా జవాబు పెద్ద ఎయిర్ కూలర్. ఏఐఓ లిక్విడ్ కూలర్‌లో (పంప్, రేడియేటర్ అన్నీ కలిపే వచ్చే నీళ్ల కూలర్) పంప్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు, గదంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ సన్నటి గుర్రు వినపడుతుంది. దానికి తోడు పంప్ ఏదో ఒకరోజు ఆగిపోయే వస్తువు. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, కొత్తది తెచ్చి బిగిస్తే మళ్లీ పదేళ్లు.

థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ ఎత్తు 155 మిల్లీమీటర్లు, దాని ధరకు దాన్ని కొట్టేది లేదు. 142 వాట్ల ఎకో మోడ్ దాకా హాయిగా మోస్తుంది. డబ్బు పెట్టగలిగితే నాక్టువా ఎన్‌హెచ్-డీ15 జీ2, లేదా బీ క్వైట్ డార్క్ రాక్ ప్రో 5. రెండూ 168 మిల్లీమీటర్ల ఎత్తున్నవి, కాబట్టి క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుందో ముందే చూసుకోండి. అద్దం తలుపు మూతపడక వెనక్కి తెచ్చేవాళ్లు ప్రతి షాపులోనూ కనిపిస్తారు.

పెద్ద కూలర్ కిలోన్నర దాకా బరువుంటుంది. సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించి బస్సులో ఊరికి తీసుకెళ్లే వాళ్లు, కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లు దాన్ని విడిగా ప్యాక్ చేయించుకుని ఇంట్లో బిగించుకోవడమే మేలు. గ్రాఫిక్స్ కార్డ్‌కీ అదే మాట.

ప్రాసెసర్‌ను ఏ పరిమితీ లేకుండా 200-250 వాట్లలో గంటల తరబడి నడిపేవాళ్లకు మాత్రం 360 మిల్లీమీటర్ల ఏఐఓ పనికొస్తుంది. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటి మందపాటి రేడియేటర్ ఉన్నది తీసుకోండి. రేడియేటర్ పైభాగం పంప్ కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే గాలి బుడగలు పంప్‌లో చేరి గుళగుళమంటాయి.

6. క్యాబినెట్, ఫ్యాన్లు

ఒకప్పుడు సైలెంట్ క్యాబినెట్ అంటే లోపల స్పాంజి అతికించి, ముందు తలుపు మూసి ఉన్న పెట్టె. ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ 7 ఆ పద్ధతిలో బాగా చేసినదే. హార్డ్ డిస్కుల గరగర, కాయిల్ వైన్ లాంటి సన్నటి చప్పుళ్లను అలాంటి పెట్టె అణచగలదు. కానీ 300 వాట్ల కార్డ్ లోపల పెట్టి ముందు గాలి దారి మూసేస్తే ఫ్యాన్లు మరింత వేగంగా తిరగాలి. స్పాంజి ఆపేదాని కంటే అవి పెంచేదే ఎక్కువ అవుతుంది. మన ఎండలకు జాలీ ముఖం ఉన్న క్యాబినెట్టే సరైనది. గాలి బాగా ఆడితే ఏ ఫ్యానూ పరిగెత్తక్కర్లేదు.

ఈ రకంలో లియన్ లీ ల్యాన్‌కూల్ 216 మంచిది, ముందువైపు 160 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు దానితోనే వస్తాయి. ఫ్రాక్టల్ నార్త్ ముందువైపు చెక్క పట్టీలతో హాల్లో పెట్టుకున్నా అందంగా ఉంటుంది, 140 ఫ్యాన్లు రెండిస్తారు. ఫ్రాక్టల్ టోరెంట్‌లో ముందు 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, ఖరీదైనది, చోటూ ఎక్కువ తీసుకుంటుంది, వేడి కార్డులకు మాత్రం దానికి దీటైనవి తక్కువ. మూడు వైపులా అద్దాలు, పది రంగురంగుల ఫ్యాన్లు ఉన్న చేపల తొట్టి డిజైన్ల జోలికి వెళ్లకండి. వాటితో వచ్చే ఫ్యాన్లు చాలావరకు నాసిరకం.

ఫ్యాన్లు ముందు రెండు లేదా మూడు, వెనక ఒకటి చాలు. వీలున్న చోటల్లా 140 సైజు. ఆర్కిటిక్ పీ14 పీడబ్ల్యూఎం చవకలో ఉత్తమం, నాక్టువా, బీ క్వైట్ సైలెంట్ వింగ్స్ ఖరీదులో ఉత్తమం. తక్కువ వేగంలో నడిపేటప్పుడు చవక ఫ్యాన్‌కీ ఖరీదు ఫ్యాన్‌కీ గాలిలో తేడా తక్కువ, బేరింగ్ గుర్రులో, కొన్ని వేగాల దగ్గర వచ్చే హోరులో మాత్రం తేడా తెలుస్తుంది. పైకప్పు ఫ్యాన్లు మొదట్లో వద్దు. పైన ఖాళీ జాలీ వదిలేస్తే వేడిగాలి తనంతట తను పోతుంది, లేని ఫ్యాన్ చప్పుడు చేయదు.

లోపలికి వచ్చే గాలి బయటకు పోయేదానికంటే కొంచెం ఎక్కువ ఉండేలా చూడండి. అప్పుడు దుమ్ము ఫిల్టర్ ఉన్న దారిలోంచే వస్తుంది, సందుల్లోంచి రాదు.

7. ఎస్ఎంపీఎస్, యూపీఎస్

ఎస్ఎంపీఎస్ (మెషిన్‌కు కరెంట్ అందించే పవర్ సప్లై) మీద ఉండే 80 ప్లస్ గోల్డ్ అన్నది కరెంట్ పొదుపు గుర్తు, చప్పుడు గురించి ఏమీ చెప్పదు. చప్పుడు కోసం చూడాల్సింది సైబెనెటిక్స్ సంస్థ ఇచ్చే ల్యామ్డా రేటింగ్. ఏ++ అంటే సగటున 15 డెసిబెల్స్ లోపు, ఏ+ అంటే 15-20, ఏ అంటే 20-25. మోడల్ పేరుతో వాళ్ల సైట్‌లో వెతికితే దొరుకుతుంది. ఏ+ వచ్చినది తీసుకుంటే ఎస్ఎంపీఎస్ సంగతి మర్చిపోవచ్చు.

ఎన్ని వాట్లది కావాలి? 300 వాట్ల కార్డ్, 200 వాట్ల ప్రాసెసర్, మిగతా అన్నింటికీ ఓ 70. మొత్తం 570. దానికి 850 వాట్ల యూనిట్ పెడితే మూడింట రెండొంతుల లోడ్‌లో చల్లగా ఉంటుంది, కార్డ్ ఒక్కసారిగా లాగే కుదుపులనూ తట్టుకుంటుంది. ఏటీఎక్స్ 3.1 (పవర్ సప్లైల ప్రమాణం) అని రాసి ఉన్నదే తీసుకోండి. కొత్త కార్డులకు కావాల్సిన పదహారు పిన్నుల కేబుల్ దానితోనే వస్తుంది. ఆ ప్లగ్‌ను చివరిదాకా నొక్కండి, ప్లగ్ దగ్గరే కేబుల్‌ను మడవకండి. సగం దిగిన ప్లగ్గులు కరిగిపోయిన సంఘటనలు ఆర్‌టీఎక్స్ 4090 కాలం నుంచీ ఉన్నాయి.

రాత్రంతా రెండర్ పెట్టేవాళ్లకు యూపీఎస్ తప్పదు. ఆఫీసుల్లో వాడే 600 వీఏ పెట్టె ఈ లోడ్‌కు చాలదు, 1500 వీఏ దగ్గర చూడండి. అవుట్‌పుట్ 'ప్యూర్ సైన్ వేవ్' ఉన్నది కావాలి, మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్‌ల మీద కరెంట్ మారగానే ఆగిపోతాయి. చప్పుడు విషయంలో ఇక్కడో చిక్కుంది: 'ఆన్‌లైన్' రకం యూపీఎస్‌లలో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంది. ఇంత చేసి యూపీఎస్ హోరు వినడం దేనికి? 'లైన్ ఇంటరాక్టివ్' రకం తీసుకోండి. ఎలాగూ యానిమేషన్‌ను వీడియో ఫైల్‌గా కాకుండా ఫ్రేమ్‌కో ఇమేజ్‌గా రెండర్ చేస్తే, కరెంట్ పోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

8. మిగతావి

మదర్‌బోర్డ్‌కు బీ650 లేదా బీ850 చిప్‌సెట్ ఉన్నది చాలు. దాని మీద చిన్న ఫ్యాన్లేవీ ఉండకూడదు, అంతే. ఆ 30-40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు కీచుమంటాయి, ముందుగా పాడయ్యేవీ అవే. కనీసం నాలుగైదు ఫ్యాన్ హెడర్లు (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నులు) ఉండాలి.

ర్యామ్ డీడీఆర్5 6000, రెండు కర్రలే (స్టిక్‌లు). 64 జీబీ కావాలంటే 32 చొప్పున రెండు. నాలుగు పెడితే ఏఎం5 (ఈ రైజెన్‌లు కూర్చునే సాకెట్) బోర్డుల మీద వేగం బాగా పడిపోతుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఎంత కావాలో మీ సీన్లు తెరిచి టాస్క్ మేనేజర్‌లో కొలిచి మరీ కొనండి.

ఎన్‌వీఎంఈ జెన్4 ఎస్ఎస్‌డీ సరిపోతుంది. జెన్5 డ్రైవ్‌లు వేడెక్కుతాయి, కొన్నింటికి బుల్లి ఫ్యాన్లు కూడా తగిలిస్తారు, రెండర్‌లో కలిసొచ్చేది ఏమీ ఉండదు. తిరిగే హార్డ్ డిస్క్ క్యాబినెట్‌లో వద్దే వద్దు. పాత ప్రాజెక్టుల కోసం కావాలంటే యూఎస్‌బీ పెట్టెలో పెట్టి, పనైపోగానే తీసేయండి.

9. రెండు లిస్టులు

కార్డ్ మీద రెండర్ చేసేవాళ్లకు: 9800ఎక్స్‌3డీ, పెద్ద హీట్‌సింక్ ఉన్న 5070 టీఐ, పీర్‌లెస్ అసాసిన్, ల్యాన్‌కూల్ 216, 64 జీబీ, 850 వాట్లు. కార్డ్‌ను 80 శాతానికి పరిమితం చేస్తే 240 వాట్లు, రెండర్‌లో మొత్తం మెషిన్ 350 దగ్గర ఆగుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు మూడు యూనిట్ల లోపు కరెంట్. గదిలోకి చేరే వేడి కూడా అంతే తగ్గుతుంది, ఏసీ మీద భారం తగ్గుతుంది.

ప్రాసెసర్ మీద రెండర్ చేసేవాళ్లకు: 105 వాట్ల ఎకో మోడ్‌లో 9950ఎక్స్, 5060 టీఐ 16 జీబీ, ఎన్‌హెచ్-డీ15 జీ2, ఫ్రాక్టల్ నార్త్, 64 లేదా 96 జీబీ, 750 వాట్లు.

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలన్నీ దొరుకుతాయి. కొటేషన్ రెండు మూడు చోట్ల రాయించుకోండి. 'ఆ మోడల్ లేదు, ఇదీ అలాంటిదే' అన్న మాట గ్రాఫిక్స్ కార్డ్, ఎస్ఎంపీఎస్ విషయంలో ఒప్పుకోకండి. నిశ్శబ్దమంతా మోడల్ పేరులోని చివరి రెండు పదాల్లోనే ఉంటుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్రీలాన్సర్లు బిల్లు మీద తమ నంబర్ వేయించుకుంటే 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు.

10. బిగించాక చేసే ట్యూనింగ్

ఎంత మంచి భాగాలు కొన్నా ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో మెషిన్ నిశ్శబ్దంగా ఉండదు. ఒక సాయంత్రం కేటాయించండి.

మొదట కార్డ్. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ వేసి పవర్ లిమిట్ (కార్డ్ లాగే వాట్ల హద్దు) 80 శాతం పెట్టండి. మీ సొంత సీన్ ఒకటి రెండర్ చేసి, ముందు ఎంతసేపు పట్టింది, ఇప్పుడెంత అని చూడండి. చాలా కార్డుల్లో తేడా ఐదారు శాతం దాటదు. తర్వాత కార్డ్ ఫ్యాన్ వేగాన్ని 1200-1300 ఆర్‌పీఎం దగ్గర కట్టేసి వేడి ఎక్కడ ఆగుతుందో గమనించండి. 75 డిగ్రీల్లో ఆగితే అద్భుతం, 80లో ఆగినా పర్వాలేదు.

గేమ్స్‌కు ఫ్రేమ్ రేట్ పరిమితి పెట్టండి. మీ మానిటర్ 144 హెర్ట్జ్ అయితే 140 దగ్గర. చూడలేని ఫ్రేములు తయారు చేయడానికి కార్డ్ పడే శ్రమంతా వేడే. మెనూ స్క్రీన్లలో వందల ఫ్రేములు పరిగెడుతున్నప్పుడే కాయిల్ వైన్ ఎక్కువగా వినపడుతుంది, ఈ పరిమితితో అదీ తగ్గుతుంది.

తర్వాత ప్రాసెసర్ ఫ్యాన్లు. రైజెన్‌లో ఒక ప్రోగ్రామ్ తెరవగానే ఉష్ణోగ్రత క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగిరి మళ్లీ పడుతుంది. ఫ్యాన్ దాని వెంట పడి ఉయ్యాలలూగితే అదే చికాకు. నిలకడగా ఉన్న చప్పుడును చెవి మర్చిపోతుంది, మారే చప్పుడును మర్చిపోదు. అందుకే బయాస్‌లో ఫ్యాన్ గీతను (ఏ వేడికి ఎంత వేగమో చూపే ఫ్యాన్ కర్వ్‌ను) 60 డిగ్రీల దాకా అడ్డంగా ఉంచండి, 500-600 ఆర్‌పీఎం. 75 దగ్గర 50 శాతం, 88 దగ్గర 70 శాతం. ఫ్యాన్ స్పందించే ఆలస్యాన్ని బోర్డ్ ఇచ్చే గరిష్ఠానికి పెంచండి.

క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడికి కట్టేయడం బయాస్‌ల అలవాటు. కార్డ్ మీద రెండర్ చేసేటప్పుడు ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, క్యాబినెట్ ఫ్యాన్లు నిద్రపోతాయి, కార్డ్ ఒక్కటే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. విండోస్‌లో 'ఫ్యాన్ కంట్రోల్' అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటిని కార్డ్ ఉష్ణోగ్రతకు, లేదా రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టొచ్చు. ఈ గైడ్‌లో ఒక్క సెట్టింగ్ మాత్రమే మార్చే ఓపిక ఉంటే ఇది మార్చండి.

ఇంకా ఏదో హోరు వస్తుంటే ఒక్కో ఫ్యాన్‌నూ సాఫ్ట్‌వేర్‌లో సున్నాకు దించి వినండి. ఏది ఆగితే హోరు పోయిందో దాన్ని మెల్లగా 400 నుంచి 1200 దాకా తిప్పండి. చాలా ఫ్యాన్లకు ఒకటి రెండు వేగాల దగ్గరే గుర్రు వస్తుంది. ఆ అంకెలు రాసుకుని, గీత వాటి దగ్గర ఆగకుండా దాటిపోయేలా సర్దండి.

11. ఎక్కడ పెట్టాలి, ఎలా చూసుకోవాలి

బల్ల మీద చెవికి అడుగు దూరంలో పెట్టుకుని నిశ్శబ్దం కావాలంటే కుదరదు. నేల మీద, బల్లకు అవతలి పక్క పెట్టండి. మన ఇళ్లలో టైల్స్ గచ్చు, ఖాళీ గోడలు చప్పుడును తిప్పికొడతాయి. మెషిన్ కింద రబ్బరు మ్యాట్, వెనక గోడకు జానెడు దూరం, వీలైతే ఆ గోడకు మందపాటి కర్టెన్. బల్ల కింద మూసి ఉన్న అరలో మాత్రం దూర్చకండి, బయటకు వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. గోడకు రంధ్రం వేయించగలిగితే మూడు మీటర్ల డిస్‌ప్లేపోర్ట్ కేబుల్, ఒక యూఎస్‌బీ హబ్‌తో మెషిన్‌ని పక్క గదిలో పెట్టడం అన్నింటికంటే చవకైన పరిష్కారం.

ఫ్యాన్ కంట్రోల్‌లో రెండు ప్రొఫైల్స్ పెట్టుకోండి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒకటి, ఎండాకాలానికి ఇంకొకటి. చలికాలం గీతతో మే నెలలో నడిపితే కార్డ్ వేగం తగ్గించుకుంటుంది, ఎండాకాలం గీతతో డిసెంబర్‌లో నడిపితే అనవసరపు చప్పుడు.

ముందు జాలీ, కింద ఎస్ఎంపీఎస్ ఫిల్టర్ నెలకోసారి దులపాలి, రోడ్డు పక్క ఇళ్లలో ఇంకా తరచుగా. వేడి రెండు నెలల్లో ఐదు డిగ్రీలు పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది దుమ్మునే, థర్మల్ పేస్ట్‌ను కాదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు మెషిన్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. గాలి ఒత్తిడికి రెక్క అదుపు తప్పి తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, ఆ ఫ్యాన్ మళ్లీ నిశ్శబ్దంగా తిరగదు.